ఉప్పు కరిగేదాకా

క్రాంతికి ఉన్న కష్టమల్లా ఒక్కటే. గ్రౌండులో వాడికి ఎవరూ బంతి ఇవ్వరు.

ఈ మాట నేనంటున్నది కాదు, మా మేనల్లుడు స్వయంగా చెప్పుకున్నది. కొత్త కోచ్ వచ్చిన మొదటి సాయంత్రమే, మిగతా పిల్లలు ఇంకా బూట్లు కట్టుకుంటుండగా, వాడు పరుగున వెళ్లి ఆయన ముందు నిలబడ్డాడు.

"ఉస్తాద్, నేను కెప్టెన్‌ని. ముంగట ఆడుత. గొంతు పోయేటట్టు ఒర్రుత. ఒక్కడు గూడ బంతియ్యడు. బంతే రాకపోతే ఇగ గోలెట్ల గొట్టాలె?"

కొత్త కోచ్ పేరు జలాలుద్దీన్. ఊరికి జలాల్ సాబ్, పిల్లలకి ఉస్తాద్. వాడు చెప్పిందంతా ఆయన తల ఊపుతూ విన్నాడు.

"ఏమని ఒర్రుతవ్ బేటా?"

"నాకు, నాకు అని."

"అచ్ఛా," అన్నాడాయన. గోల్ పోస్టు వెనక బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చున్నాడు.

కథ ముందుకు పోయే ముందు మా గ్రౌండు సంగతి కొంచెం చెప్పాలి. మాది బొగ్గు గనుల ఊరు. ఇక్కడ వాన పడితే బురద నలుపు, ఎండ కొడితే దుమ్ము నలుపు. ఆడుకుని వచ్చిన పిల్లవాణ్ని నేరుగా ఇంట్లోకి రానిచ్చే తల్లి మా కాలనీలో లేదు, ముందు కుళాయి దగ్గరికే. కాలేజీ జట్టుకి ఎర్ర జెర్సీలు కుట్టించారు గానీ, ఆట మొదలైన కాసేపటికి ఎవరిది ఏ జట్టో పైనున్న దేవుడికి కూడా తెలిసేది కాదు. మావాళ్లు బంతిని అవతలి వాళ్లకి భద్రంగా అందించిన సందర్భాలు చాలా ఉన్నాయి.

రెండేళ్లుగా జట్టు ఒక్క మ్యాచ్ గెలవలేదు. ఓడడమంటే మామూలు ఓడడం కాదండీ. ఒకసారి అవతలి గోలీ పని లేక పోస్టుకి ఆనుకుని పల్లీలు ఒలుచుకుంటూ నిలబడ్డాడు. పొట్టు మన గ్రౌండులోనే పోసి వెళ్లాడు.

ప్రిన్సిపాల్ మేడమ్ చెడ్డ మనిషేమీ కాదు. ఆడపిల్లల హాస్టల్ చాలడం లేదు, ఒక్కో గదిలో కిక్కిరిసి ఉంటున్నారు. కొత్తది కట్టాలంటే స్థలం కావాలి. ఉన్న స్థలమల్లా గ్రౌండు. జట్టు పిల్లల్ని పిలిచి సూటిగానే చెప్పింది. "జోనల్ పోటీల్లో ఒక్క మ్యాచ్ గెలవండి. ఒక్కటి చాలు. గెలిస్తే గ్రౌండు మీది. గెలవకపోతే వచ్చే ఏడు ఫుట్‌బాల్ ఉండదు. తర్వాత నన్నేం అనొద్దు."

క్రాంతి ఆ కాలేజీలో చేరిందే ఆ గ్రౌండు చూసి. వేరే ఊళ్లో ఇంతకన్నా మంచి సీటు వస్తే వద్దన్నాడు. వాళ్ల నాన్న, అంటే మా బావ, యూనియన్ మనిషి, ఊరందరితో గంటలు గంటలు మాట్లాడతాడు గానీ దానికి కోపమొచ్చి కొడుకుతో చాన్నాళ్లు మాట్లాడలేదు. గ్రౌండు పోతే మావాడికి ఆ కాలేజీలో మిగిలేది చెట్టు కింద సైకిల్ స్టాండు ఒక్కటే.

అదండీ పరిస్థితి. అప్పుడొచ్చాడు జలాల్ సాబ్.

ఆయన గనిలో పనిచేసి రిటైరైన మనిషి. వయసులో ఉన్నప్పుడు కంపెనీ జట్టుకి గోలీ. కుడిచేతి రెండు వేళ్లు ఇప్పటికీ వంకరే, ఏదో బంతిని ఆపబోయి విరిగాయట. జేబులో ఎప్పుడూ ఒక చిన్న స్టీలు పాన్ డబ్బా ఉంటుంది. అందులో ఆకులుండవు, వక్కలుండవు. దొడ్డుప్పు ఉంటుంది. గని లోపల చెమటలు కారి కారి కళ్లు తిరుగుతుంటే, ఒక ఉప్పుగల్లు నాలుక మీద వేసుకుని మళ్లీ పనిలోకి దిగేవాళ్లట. గని వదిలేసినా ఆయన డబ్బా వదల్లేదు.

సరే, ఆట మొదలైంది. మేం నలుగురైదుగురం గోడ మీద కూర్చున్నాం. కొత్త కోచ్ ఏం నేర్పుతాడో చూద్దామని.

బంతి ఒకడి కాలి దగ్గరికి పోగానే మిగతా అందరూ ఒకటే అరుపు. "నాకు! నాకు! అరేయ్ నాకురా! నాకూ!" గుడ్లు పెట్టిన కోళ్ల గూడులా ఉంది. బంతి ఉన్నవాడికి ఎవరికివ్వాలో తోచదు, ఎవరికీ ఇవ్వక తనే కొడతాడు, అది పోయి గోడవతల తుమ్మల్లో పడుతుంది. అందరికంటే పెద్ద గొంతు మా క్రాంతిదే.

ఉస్తాద్ విజిల్ వేశాడు. నడుచుకుంటూ క్రాంతి దగ్గరికి వచ్చాడు. "చెయ్యి చాపు బేటా."

చాపాడు. ఆయన డబ్బా మూత తీసి, నల్లటి ఆ అరచేతిలో తెల్లగా మెరిసే ఉప్పుగల్లు ఒకటి పెట్టాడు.

"నాకు," అన్నాడు.

"ఏంది ఉస్తాద్?"

"ఉప్పు. నాకు."

"ఉప్పెందుకు నాకాలె?"

"నువ్వే గద, పొద్దుగూకంగ నాకు నాకు అని ఒర్రుతున్నవ్. పాపం పోరనికి ఏం నాకబుద్ధి అయితుందో అనుకున్న. మాది ఉర్దూ నోరు బేటా. నాకు అట్లనే సమజయింది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత జట్టంతా నేల మీద పడి దొర్లింది. నవ్వి నవ్వి లేచిన గోలీ ఇమ్మానుయేల్ ఒక్కసారి వేలెత్తి చూపించాడు.

"ఉస్తాద్! మీరు గూడ అన్నరు! నాకు సమజయిందన్నరు!"

జలాల్ సాబ్ ఆలోచించాడు. "అన్ననా?"

"అన్నరు! అన్నరు!"

ఆయన డబ్బాలోంచి ఇంకో గల్లు తీసి, తన అరచేతిలో వేసుకుని, అందరూ చూస్తుండగా నాకాడు. మొహం చిట్లించాడు. "బరాబర్," అన్నాడు.

ఆ రోజు నుంచి అది రూలు. గ్రౌండులో ఎవడు 'నాకు' అన్నా విజిల్. ఎవడు అన్నా ఉప్పు. మొదటి రోజుల్లో ఆట కంటే బోరింగు దగ్గర నీళ్లు తాగడమే ఎక్కువైంది. సంపత్ అని మధ్యలో ఆడేవాడు ఒకడు ఉన్నాడు, నోరు అదుపులో ఉండదు, వాడికి నాలుక మొద్దుబారిపోయి ఇంట్లో వాళ్లమ్మ కూరలో ఉప్పు వేసిందో లేదో కూడా తెలియడం లేదని ఏడ్చాడు.

తర్వాత ఇంకో తమాషా జరిగింది. అందరూ నోళ్లు మూసుకున్నారు. ఎంత నిశ్శబ్దమంటే, బంతిని తన్నిన చప్పుడు తప్ప గ్రౌండులో ఏమీ వినపడేది కాదు. ఆట ఇంకా పాడైంది.

క్రాంతి మళ్లీ ఉస్తాద్ దగ్గరికి పోయాడు. "ఉస్తాద్, పిలవకపోతే బంతెట్ల వస్తది?"

"బంతి ఎవని దగ్గరున్నది?"

"బంతి ఉన్నోని దగ్గర."

"మరి నువ్వెందుకు పిలుస్తవ్? వాణ్ని పిలవమను."

బంతి ఉన్నవాడే చుట్టూ చూసి, ఎవడు ఖాళీగా ఉన్నాడో వాడి పేరు పెట్టి పిలిచి, 'నీకు' అని ఇవ్వాలి. ఇదీ ఉస్తాద్ పద్ధతి. వినడానికి ఏముంది, చిన్న మాట. 'నా' తీసి 'నీ' పెట్టడమే. చేయబోతే తెలిసింది. పిలవాలంటే తలెత్తి చూడాలి. మా పిల్లలకి బంతి కాలికి తగిలిందంటే తల బంతిలోకే వంగిపోతుంది. తలలెత్తడానికే చాలా సాయంత్రాలు పట్టింది. కానీ ఎత్తారు. "నీకు, సంపత్!" "నీకు, క్రాంతీ!" అని కేకలు వేసుకుంటుంటే, గోడ మీద కూర్చున్న మాకు ఏదో పెళ్లి పంక్తిలో వడ్డిస్తున్నట్టు అనిపించేది.

క్రాంతికి బంతి రావడం మొదలైంది. వాడి కష్టం తీరింది. వాడైతే అట్లాగే అనుకున్నాడు.

ఒక సాయంత్రం ఆట అయ్యాక ఉస్తాద్ వాణ్ని పిలిచి డబ్బా మూత తీసి చూపించాడు. అడుగున కొంచెమే మిగిలింది.

"చూడు బేటా. జట్టంత నా ఉప్పు తిన్నది. తిననోడు ఒక్కడే ఉన్నడు. ఎవడు?"

క్రాంతి ఆలోచించాడు. ఇమ్మానుయేల్ తిన్నాడు. సంపత్ సంగతి చెప్పక్కర్లేదు. "ఎవరు లేరు ఉస్తాద్. అందరు తిన్నరు."

"మల్లొకసారి చూడు."

పిల్లలు బోరింగు దగ్గర కాళ్లు కడుక్కుంటున్నారు. ఒకడు కొడుతుంటే మిగతావాళ్లు నీళ్లు పట్టుకుంటున్నారు. క్రాంతి ఒక్కొక్కరినే చూసుకుంటూ పోయాడు. బోరింగు కొడుతున్న వాడి దగ్గర చూపు ఆగింది.

"ఆఁ! మూగోడు!"

"మూగోడా?"

"అంటే మూగోడు గాదు ఉస్తాద్. నత్తి. అందరం అట్లనే పిలుస్తం. లెఫ్ట్ బ్యాక్ ఆడుతడు. మంచోడే."

"పేరేంది?"

క్రాంతి బోరింగు కొడుతున్నవాడి వైపు మళ్లీ చూశాడు. రెండేళ్లుగా ఇద్దరూ ఒకే గ్రౌండులో ఆడుతున్నారు. ఒకే బస్సులో పోయి, ఓడి, ఒకే బస్సులో తిరిగొచ్చారు. ఆకలేస్తే ఒకడి టిఫిన్ డబ్బాలో ఇంకొకడు చెయ్యి పెట్టారు.

"తెల్వదు ఉస్తాద్."

ఆయన కోప్పడలేదు. "పోయి అడిగిరా," అన్నాడు.

ఆ పిల్లవాడి సంగతి చెప్తాను. వెనక ఎడమ పక్కన ఆడతాడు. మనవాళ్లు బంతితో ముందుకు పోయినప్పుడల్లా, వాడు గీత వెంబడి ఎక్కణ్నుంచో రైలులాగా వచ్చేవాడు. వచ్చి, ఖాళీ చోట నిలబడి, చెయ్యెత్తేవాడు. ముందుకు చూస్తూ ఆడేవాళ్లకి వెనకాల లేచిన చెయ్యి ఎట్లా కనపడుతుంది? కాసేపు అట్లాగే నిలబడి, చెయ్యి దించి, మళ్లీ వెనక్కి పరిగెత్తేవాడు. పిలుద్దామంటే వాడికి 'న' దగ్గరే బండి ఆగిపోతుంది. ఆ మాట బయటికి వచ్చేసరికి బంతి అవతలి వాళ్ల కాళ్ల దగ్గర ఉంటుంది.

క్రాంతి బోరింగు దగ్గరికి పోయాడు. "అరేయ్, నీ పేరేందిరా?"

వాడు కొట్టడం ఆపి అనుమానంగా చూశాడు. ఏదో ఆట పట్టిస్తున్నారనుకున్నాడేమో. "న..." అన్నాడు.

"నరేశా?"

వాడు తల అడ్డంగా ఊపాడు. "న... న..."

"నవీనా? నగేశా?"

"నల్లికుట్లోడా?" అని వెనకనుంచి సంపత్ వెక్కిరించాడు. అందరూ నవ్వారు. ఆ పిల్లవాడు తల దించుకుని మళ్లీ బోరింగు పిడి పట్టుకున్నాడు.

"పోనీ తియ్, రేపు చెప్దువు గని," అన్నాడు క్రాంతి. జాలితోనే అన్నాడు, పాపం.

వెనకనుంచి ఒక చెయ్యి వాడి భుజం మీద పడింది. జలాల్ సాబ్.

"నోరు తెరువు."

ఆయన డబ్బాలో వెతికి అన్నిటికంటే పెద్ద ఉప్పుగల్లు తీసి క్రాంతి నాలుక మీద పెట్టాడు. "కొరకొద్దు. మింగొద్దు. ఇది కరిగేదాక నోరు తెరవొద్దు." తర్వాత మిగతావాళ్ల వైపు డబ్బా చాపాడు. నవ్వుతున్న వాళ్లంతా చప్పున నోళ్లు మూసుకున్నారు.

క్రాంతి బుగ్గ ఉబ్బించి నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు. ఎదురుగా ఆ పిల్లవాడు. బోరింగు గొంతులోంచి చుక్క చుక్క నీళ్లు పడుతున్న చప్పుడు.

వాడు క్రాంతి మొహంలోకి చూశాడు. మూసుకున్న ఆ నోటి వైపు చూశాడు.

"న..." అన్నాడు. ఆగాడు. ఎవరూ అందుకోలేదు. ఊపిరి తీసుకున్నాడు. "న... న... నా... నాంపెల్లి."

"నాంపెల్లి," అన్నాడు క్రాంతి, ఉప్పునీళ్లు కారకుండా పెదాలు బిగించి.

ఉస్తాద్ అడిగాడు. "ఉప్పు కరిగిందా?"

"ఇంక లేదు ఉస్తాద్."

"చూసినవా? పేరు అంతకంటె చిన్నదే."

ఆ తర్వాత మూగోడనే పేరు మా గ్రౌండులో వినపడలేదు. కానీ అందులోనూ ఒక చిక్కు వచ్చింది. మర్నాడు క్రాంతి బంతి తీసుకుని తలెత్తి, ఎడమ పక్కకి చూసి, గట్టిగా "నా..." అని మొదలుపెట్టాడు. ఉస్తాద్ టక్కున విజిల్ నోట్లో పెట్టుకున్నాడు, రెండో చేత్తో డబ్బా తీశాడు. జట్టంతా ఆగి చూసింది. "...ంపెల్లీ! నీకు!" అన్నాడు క్రాంతి. జలాల్ సాబ్ డబ్బా మూత వేసి, విజిల్ తీసి, గడ్డం తుడుచుకుని ఏమీ ఎరగనట్టు ఆకాశం వైపు చూశాడు. నేనైతే గోడ మీద నుంచి పడబోయాను.

క్రాంతి ఆ రోజు చాలా సంతోషంగా ఉన్నాడు. "ఇగ వానికి పిలిచే పనే లేదు ఉస్తాద్. మేమే పిలుస్తం," అన్నాడు.

"నీ ఎనకనుంచి వస్తే? ఎట్ల చూస్తవ్?"

క్రాంతి తల తిప్పి తన వెనక్కి చూసుకున్నాడు.

ఉస్తాద్ నాంపెల్లిని దగ్గరికి పిలిచాడు. డబ్బా మూత తీశాడు. అడుగున ఒక్క గల్లే మిగిలింది. "ఇది నీ వాటా. నువ్వు ఒర్రే దినానికి ఉంచిన," అన్నాడు. మూత వేసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత తన ఉప్పు కోసం ఆయన ఇంకో డబ్బా తెచ్చుకున్నాడు గానీ, ఆ డబ్బాలో మాత్రం ఇంకేమీ పోయలేదు. ఆయన నడుస్తుంటే జేబులో ఆ ఒక్క గల్లు టక్ టక్ అని కొట్టుకోవడం వినిపించేది.

ఆ ఏడు జోనల్ పోటీలు మా ఊళ్లోనే పెట్టారు. మొదటి మ్యాచ్ మాకు గోదావరి అవతలి కాలేజీతో. ఆ పిల్లలు ఒక్కొక్కడూ టేకు దుంగలాగా ఉన్నాడు. షామియానా కింద ప్రిన్సిపాల్ మేడమ్ కూర్చుంది, పక్కన హాస్టల్ ప్లాను గీసిన ఇంజనీరు కూడా ఉన్నాడు. అది చూసి మా బావ, యూనియన్ పని మానేసి వచ్చినవాడు, గోడ మీద నా పక్కన కూర్చుని, "ముహూర్తం పెట్టుకొనే వచ్చిండ్రు," అన్నాడు.

మావాళ్లు భయపడ్డారు, అబద్ధమెందుకు. కానీ తలలెత్తే ఆడారు. పేర్లు పిలుచుకుంటూనే ఆడారు. ఇమ్మానుయేల్ ఒక బంతిని పొట్టతో ఆపాడు, ఇంకోటి మొహంతో ఆపాడు. హాఫ్ టైం దాటింది, ఎవరికీ గోల్ లేదు. డ్రా అయితే లాభం లేదు. గెలవాలి. నా పక్కన మా బావ గోరు కొరకడం మొదలుపెట్టి వేలు దాకా వచ్చాడు.

చివరికొచ్చింది. రిఫరీ గడియారం చూసుకుంటున్నాడు.

అప్పుడు సంపత్ "నీకు, క్రాంతీ!" అని బంతి పంపాడు. క్రాంతి దాన్ని ఆపాడు. గోల్‌కి వీపు పెట్టి ఉన్నాడు. మీద రెండు దుంగలు పడ్డాయి. అయినా కుడి పక్క సందు ఉంది. తిరిగి కొట్టొచ్చు. గోడ మీద ఉన్న మాకే కనపడింది. "కొట్టూ! కొట్టురా!" అని ఊరంతా లేచి నిలబడింది. మా బావ నా భుజం పిసికేస్తున్నాడు.

క్రాంతి తిరగబోయాడు. అప్పుడు వాడి వెనక, ఎడమ వైపు, దూరం నుంచి పరిగెత్తుకొస్తున్న కాళ్ల చప్పుడుతో పాటు వినపడింది.

"న..."

క్రాంతి ఆగాడు.

బంతి మీద కాలు పెట్టి, అట్లాగే నిలబడిపోయాడు. ఒకడు పిక్క మీద తన్నాడు. కదల్లేదు. ఇంకొకడు భుజంతో నెట్టాడు. వంగాడు గానీ బంతి వదల్లేదు. కుడి పక్క సందు మూసుకుపోయింది. "ఏం చేస్తున్నవ్‌రా!" అని మా బావ గొంతు చించుకుంటున్నాడు.

"న... న..."

తర్వాత వాడే నాకు చెప్పాడు. అప్పుడు పై పెదవి మీంచి చెమట నోట్లోకి కారిందట. ఉప్పగా తగిలిందట. నోరు మూసుకుని నిలబడ్డాడట.

"న... నా... నాకూ!"

గ్రౌండంతా మోగింది. అంత గొంతు ఆ పిల్లవాడిలో ఎక్కడ దాక్కుందో.

క్రాంతి చూడకుండానే మడమతో బంతి వెనక్కి తోశాడు. నాంపెల్లి పరుగు మీదే తన్నాడు. ఇప్పుడది చక్కగా పోయి మూలన పడిందని చెప్పాలనే ఉంది గానీ, అట్లా జరగలేదు. బంతి పోస్టుకి తగిలింది, వెనక్కొచ్చి, నేల మీద పడివున్న గోలీ వీపుకి తగిలింది, ఏం చేయాలా అని కొంచెం ఆలోచించి, దొర్లుకుంటూ లోపలికి పోయింది.

చాలు. గీత దాటింది.

రిఫరీ పొడుగ్గా విజిల్ వేసేసరికి ఎవరు ఎవరి మీద ఉన్నారో తెలియదు. మా బావ గోడ దూకి కొడుకు దగ్గరికి పోయి, ఇంతకుముందు మాట్లాడని మాటలన్నీ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టాడు. ప్రిన్సిపాల్ మేడమ్ చప్పట్లు కొట్టి, ఇంజనీరు వైపు తిరిగి, పాత లైబ్రరీ వెనక స్థలం ఎంతుంటుందని అడిగింది. హాస్టల్ తర్వాత అక్కడే కట్టారు, బాగుంది. రెండో మ్యాచ్‌లో మావాళ్లు నాలుగు గోల్స్ తిన్నారు. అది వేరే సంగతి.

ఆ గోల మధ్య జలాల్ సాబ్ బకెట్ మీంచి లేవలేదు. ఆయన ముందుకి నాంపెల్లి వచ్చాడు. ఒళ్లంతా బొగ్గు నలుపు, కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. అరచెయ్యి చాపాడు.

రూలు రూలే కదా మరి. వాడు 'నాకు' అన్నాడు. ఊరంతా విన్నది.

డబ్బా ఉస్తాద్ చేతిలోనే ఉంది. దాని మూత అప్పటికే తీసి ఉంది. ఆ ఒక్క గల్లు వాడి చేతిలో పెట్టి, వంకర వేళ్లతో ఆ చెయ్యి మూశాడు.

నాంపెల్లి గుప్పిట తెరిచి చూసుకున్నాడు. ఉప్పుగల్లుని బకెట్ అంచు మీద పెట్టి, బూటు విప్పి దాని మడమతో ఒక్క దెబ్బ కొట్టాడు. రెండు ముక్కలైంది. ఒకటి నోట్లో వేసుకున్నాడు. రెండోది పట్టుకుని క్రాంతి వైపు తిరిగాడు.

"న... నీ..." అన్నాడు. ఆగిపోయాడు.

ఆ మాటేమిటో క్రాంతికి తెలుసు. అక్కడున్న అందరికీ తెలుసు.

మొదటి షిఫ్టు దిగే సైరన్ మోగింది, మోగి ఆగింది. క్రాంతి అరచెయ్యి చాపి, నోరు మూసుకుని నిలబడ్డాడు.